ఇల్లు విడిచిన చోట ఇంటి చరిత్ర: తెలుగు స్వీయరచనల్లో కుటుంబం, పెంపకం, వియోగం – దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ నేపథ్యం

వ్యాససంగ్రహం:

నగరచరిత్ర రహదారులు, కట్టడాలు, పాలనావిభాగాల చరిత్రగా నమోదైనంతగా కుటుంబాల చరిత్రగా నమోదు కాలేదు. తూర్పు హైదరాబాదులోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలు ఇందుకు మంచి ఉదాహరణ. చదువుకోసం, కొలువుకోసం ఇల్లు విడిచి వచ్చినవారితో నిండిన ఈ ప్రాంతంలో తల్లిదండ్రులకూ పిల్లలకూ మధ్య ఎడబాటు నిత్యానుభవం. అయినా దానికి లిఖితసాక్ష్యం అరుదు. కందుకూరి వీరేశలింగం మొదలుకొని కొండపల్లి కోటేశ్వరమ్మ వరకు తెలుగు స్వీయరచనల్లో దాంపత్యం, పెంపకం, వియోగం ఏ విధంగా నమోదయ్యాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ సంప్రదాయం వెలుగులో ఈ ప్రాంతపు కుటుంబచరిత్రను రాయడానికి స్వీయానుభవ వ్యాసం ఎంతవరకు ఆధారం కాగలదో, దాని పరిమితులేమిటో చర్చిస్తుంది.

కీలకపదాలు: స్వీయానుభవ వ్యాసం, ఆత్మకథ, కుటుంబచరిత్ర, పెంపకం, వియోగం, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్, స్థానికచరిత్ర.

1. ఉపోద్ఘాతం:

విజయవాడ రహదారి మీదుగా హైదరాబాదులో ప్రవేశించేవారికి మొదట ఎదురయ్యే పెద్ద కూడలి ఎల్.బి.నగర్. అక్కడినుండి విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి దాటితే దిల్‌సుఖ్‌నగర్ వస్తుంది. నల్లగొండ, ఖమ్మం, సూర్యాపేట ప్రాంతాలనుండి, కృష్ణా, గుంటూరు జిల్లాలనుండి వచ్చే కుటుంబాలకు తరాలుగా ఇది నగరద్వారం. బస్సు దిగినచోటే గది వెతుక్కోవడం, ఊరివాళ్ళున్న వీధిలోనే అద్దెకు చేరడం ఈ ప్రాంతం పెరిగిన తీరు. పోటీపరీక్షల శిక్షణ కేంద్రాలు, కంప్యూటరు శిక్షణ సంస్థలు, వాటిని ఆనుకొని వసతిగృహాలు, మెస్సులు, జిరాక్సు దుకాణాలు దీని ఆర్థికజీవనానికి ఆధారాలు.

ఈ ప్రాంతాన్ని గురించి తరచుగా వినిపించే విమర్శ ఒకటి ఉంది. పిల్లలను చిన్న వయస్సులోనే హాస్టళ్ళకు అప్పగిస్తున్నారనీ, డబ్బు పంపడమే పెంపకంగా భావిస్తున్నారనీ, కుటుంబబంధాలు పలచబడ్డాయనీ పెద్దలు, పత్రికలు, కొన్నిసార్లు అధ్యాపకులమైన మనమూ అంటూ ఉంటాం. ఇది నిజమా, లేక దూరంనుండి చూసి చేసిన తీర్పా అన్నది ఈ వ్యాసం వెనుక ఉన్న ప్రశ్న. ప్రేమ ఉన్నదా లేదా అని తేల్చడానికి జనాభా లెక్కలు, ఫీజుల పట్టికలు చాలవు. అనుభవించినవారు తమ మాటల్లో రాసిన రాతలు కావాలి. అటువంటి రాతలను చరిత్రకు ఆధారంగా ఎలా చదవాలో ముందు నిర్ణయించుకోవాలి.

2. స్వీయానుభవ వ్యాసం: పరిధి

స్వీయానుభవ వ్యాసం ఆత్మకథకు దగ్గరి బంధువు. ఆత్మకథ జన్మనుండి రచనాకాలం వరకు జీవితాన్ని వరుసలో చెప్పడానికి ప్రయత్నిస్తుంది. స్వీయానుభవ వ్యాసం ఒక సంఘటననో, ఒక సంబంధాన్నో తీసుకొని దాని చుట్టూ ఆలోచిస్తుంది. ఫ్రెంచి రచయిత మాంటేన్ 1580లో తన వ్యాసాలను ప్రచురించి ఈ ప్రక్రియకు పేరు, రూపం ఇచ్చాడు. ఆయన ప్రాణమిత్రుడు లా బొయేసీ 1563లో మరణించాడు. ఆయనకు పుట్టిన ఆరుగురు కుమార్తెల్లో ఒక్కరే పెరిగి పెద్దయ్యారు. తనను గురించి తాను రాసుకొనే వ్యాసం పుట్టుకలోనే వియోగం ఉన్నదన్నది గమనించదగిన విషయం. ఫ్రెంచి విమర్శకుడు ఫిలిప్ లెజన్ 1975లో 'ఆత్మకథా ఒప్పందం' అనే భావనను ప్రతిపాదించాడు. రచయిత, కథకుడు, కథలోని వ్యక్తి ఒకరే అని రచన పాఠకునికి ఇచ్చే హామీ దానికి మూలం. స్వీయానుభవ వ్యాసానికీ ఈ హామీ వర్తిస్తుంది.

తెలుగులో వ్యాసప్రక్రియ ఆరంభంలోనే కుటుంబం చర్చనీయాంశమైంది. సామినేని ముద్దునరసింహంనాయుడు రచించిన 'హితసూచని' 1862లో వెలువడింది. 'ప్రమేయాలు' అనే పేరుతో ఆయన రాసిన ఈ వ్యాసాల్లో విద్య, వివాహం, స్త్రీపునర్వివాహం విడివిడి అంశాలుగా ఉన్నాయి. అయితే అందులో 'నేను' లేదు. పిల్లలను ఎలా పెంచాలో చెప్పే పెద్దమనిషి ఉన్నాడు గాని, పిల్లలను పెంచిన తండ్రి లేడు. ఆ తరువాతి పత్రికావ్యాసం చాలాకాలం ఈ ఉపదేశధోరణినే కొనసాగించింది. ఆంధ్రప్రభ వారపత్రికలో నాలుగు దశాబ్దాలకు పైగా సాగిన మాలతీచందూర్ 'ప్రమదావనం' శీర్షికలో ఈ ధోరణి కొంత మారింది. అక్కడ పాఠకుల ప్రశ్నలో సొంత బాధ, జవాబులో లోకానుభవం కలిశాయి. కుటుంబవిషయాల్లో తెలుగు పాఠకుడు తన 'నేను'ను మొదట ప్రశ్నరూపంలో పత్రికకెక్కించాడని అనుకోవచ్చు.

3. చరిత్రకారుల వివాదం: ఒక పోలిక

కుటుంబానురాగం చరిత్రకు అందుతుందా అన్న చర్చ పాశ్చాత్య చరిత్రరచనలో విస్తృతంగా జరిగింది. ఫిలిప్ ఆరియెస్ 1960లో ప్రచురించిన గ్రంథంలో బాల్యం అనే భావనకు ఒక చరిత్ర ఉన్నదనీ, అది అన్ని కాలాల్లో ఒకే విధంగా లేదనీ ప్రతిపాదించాడు. లారెన్స్ స్టోన్ 1977లో ఇంగ్లండు కుటుంబచరిత్రను రాస్తూ, శిశుమరణాలు ఎక్కువగా ఉన్న కాలంలో తల్లిదండ్రులు పిల్లలపై గాఢమైన మమకారం పెంచుకోలేకపోయారని వాదించాడు. లిండా పొలాక్ 1983లో దీనిని ఖండించారు. సుమారు 500 దినచర్యలను, ఆత్మకథలను చదివి, బిడ్డ జబ్బుపడినప్పుడు కలిగిన భయమూ, మరణించినప్పుడు కలిగిన దుఃఖమూ ఆ కాలపు తల్లిదండ్రుల రాతల్లో స్పష్టంగా ఉన్నాయని చూపారు.

ఈ వివాదం మనకు రెండు కారణాలవల్ల ఉపయోగపడుతుంది. మొదటిది, మరణాల సంఖ్యను చూసి మనస్సు స్థితిని ఊహించడం ప్రమాదకరమని ఇది హెచ్చరిస్తుంది. రెండవది, హాస్టళ్ళ సంఖ్యను చూసి ప్రేమ తగ్గిందని తీర్మానించే నేటి విమర్శకూ, స్టోన్ వాదానికీ నిర్మాణంలో తేడా లేదు. ఒకచోట మరణం, ఇంకొకచోట దూరం మమకారాన్ని తగ్గిస్తాయన్నది రెండింటి ఊహ. దీనిని పరీక్షించే మార్గమూ ఒక్కటే. స్వీయరచనలను చదవాలి.

4. తెలుగు స్వీయరచనల్లో కుటుంబం

4.1 దాంపత్యం – సహచర్యం:

కందుకూరి వీరేశలింగం (1848–1919) 'స్వీయచరిత్రము' తెలుగులో ఆత్మకథాప్రక్రియకు ఆద్యమని సాహిత్యచరిత్రకారులు పరిగణిస్తారు. ఆయన నాలుగేళ్ళ వయస్సులోనే తండ్రిని కోల్పోయి పెదతండ్రి పోషణలో పెరిగారు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతువివాహం జరిపించిన తరువాత వంటవారు, నీళ్ళు తెచ్చేవారు సైతం ఆ ఇంటికి రావడం మానుకున్నారు. రాజ్యలక్ష్మమ్మ స్వయంగా గోదావరినుండి నీళ్ళు మోసి, పెళ్ళివారికి వండిపెట్టారు. సంఘసంస్కరణ చరిత్రలో ఇది ఒక సుప్రసిద్ధ ఘట్టం. కుటుంబచరిత్ర దృష్టితో చూస్తే ఇందులో మరొక విషయం కనిపిస్తుంది. సంస్కరణ సభల్లో జరిగిందని మనం అనుకుంటాం గాని, దాని బరువు పడింది వంటింటి మీద, నీళ్ళబిందె మీద. రాజ్యలక్ష్మమ్మ 1910లో మరణించారు. ఆత్మకథ రెండవ భాగం వెలువడేనాటికి ఆమె లేరు. ఆమె తన కథను తాను రాయలేదు. ఆమె శ్రమను మనం భర్త రాతద్వారానే తెలుసుకుంటున్నాం.

భార్యే రచయిత అయినప్పుడు దాంపత్యచిత్రణ ఎలా మారుతుందో బసవరాజు రాజ్యలక్ష్మమ్మ 'అప్పారావుగారూ నేనూ'లో చూడవచ్చు. భావకవి బసవరాజు అప్పారావు (1894–1933) చిన్నవయస్సులోనే మరణించారు. 'సౌదామిని' పేరుతో తానూ కవిత్వం రాసిన ఆమె, భర్తతో గడిచిన కాలాన్ని తన వైపునుండి చెప్పారు. పుస్తకం పేరులోనే 'గారూ' అన్న గౌరవమూ, 'నేనూ' అన్న నిలకడా పక్కపక్కన ఉన్నాయి. సాహిత్యచరిత్రలో కవిగా మాత్రమే కనిపించే వ్యక్తి ఈ రచనలో ఇంటి మనిషిగా కనిపిస్తాడు.

4.2 రాయని దుఃఖం:

భండారు అచ్చమాంబ (1874–1905) విషయం దీనికి భిన్నం. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు ప్రోత్సాహంతో చదువు సాధించి, 'అబలా సచ్చరిత్ర రత్నమాల' పేరుతో స్త్రీల జీవితచరిత్రలను సమకూర్చారు. ఆమె తన బిడ్డలను పోగొట్టుకున్నారు. అనాథ పిల్లలను చేరదీశారు. చిన్న వయస్సులోనే కన్నుమూశారు. ఇతర స్త్రీల జీవితాలను అంత శ్రద్ధగా సేకరించిన రచయిత్రి తన దుఃఖాన్ని స్వీయకథగా మిగల్చలేదు. దీనిని ఆమె వ్యక్తిగత సంయమనంగా మాత్రమే చూడడం సరికాదు. ఆనాటి స్త్రీకి ఇతరుల చరిత్రను రాయడానికి దొరికిన అనుమతి తన చరిత్రను రాయడానికి ఇంకా దొరకలేదు. స్త్రీ రాసిన తొలి తెలుగు ఆత్మకథగా పరిశోధకులు పేర్కొనే ఏడిదము సత్యవతి 'ఆత్మచరితము' 1934లో గాని రాలేదన్న విషయం దీనిని బలపరుస్తుంది. కాబట్టి రాత లేకపోవడాన్ని దుఃఖం లేకపోవడంగా పరిగణించరాదు. పొలాక్ వాదానికి అచ్చమాంబ జీవితం మనవైపునుండి చేర్చే సవరణ ఇది: స్వీయరచనలు అనురాగానికి సాక్ష్యమే, కాని రాసే అవకాశం ఎవరికి ఉందో చూడకుండా ఆ సాక్ష్యాన్ని లెక్కించలేము.

4.3 పెంపకం – ఆశయభేదం:

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి (1891–1961) 'అనుభవాలూ-జ్ఞాపకాలూనూ' పెంపకచరిత్రకు విలువైన ఆధారం. వేదశాస్త్రపండితుల ఇంట పుట్టిన కుర్రవాడు తెలుగు రచనవైపు మొగ్గడం ఆ ఇంటికి మింగుడుపడలేదు. సంస్కృతం ఉండగా తెలుగు ఎందుకన్నది పెద్దల భావన. ఈ సంఘర్షణను శాస్త్రిగారు ఫిర్యాదుగా రాయలేదు. ఇంటివారి ఆశ ఎక్కడనుండి వచ్చిందో అర్థం చేసుకుంటూనే తన దారి ఎందుకు వేరైందో చెప్పారు. నేడు ఇంజనీరింగు చదవమన్న తండ్రికీ, మరొక చదువు కోరుకొనే కొడుకుకూ మధ్య జరిగేది ఇదే సంఘర్షణ. విద్య పేరు మారింది గాని, పిల్లల చదువులో కుటుంబప్రతిష్ఠను చూసుకొనే పద్ధతి మారలేదు.

ఇక్కడ భాషను గురించి ఒక మాట చెప్పాలి. వీరేశలింగం ఆత్మకథ సరళగ్రాంథికంలో సాగింది. శ్రీపాద రచన గోదావరి మండలపు ఇళ్ళల్లోని మాటతో సాగింది. అమ్మ ఏమన్నదో, అన్న ఏమన్నాడో అదే పలుకుబడిలో చెప్పగలిగినప్పుడే ఇల్లు పుస్తకంలోకి వస్తుంది. గిడుగు రామమూర్తి నడిపిన వ్యావహారికోద్యమాన్ని మనం విద్యాబోధనకూ, పత్రికలకూ సంబంధించినదిగా ఎక్కువగా చర్చించాం. కుటుంబానుభవాన్ని రాతకు ఎక్కించడానికి అది కల్పించిన అవకాశాన్ని విడిగా పరిశీలించవలసి ఉంది.

4.4 ఉద్యమంలో మాతృత్వం:

తెలంగాణలో కుటుంబానుభవం ఎక్కువగా ఉద్యమానుభవంతో ముడిపడి నమోదైంది. దాశరథి రంగాచార్య (1928–2015) 'జీవనయానం'లో ఇంటి కథ, నిజాం పాలనకు వ్యతిరేకంగా సాగిన పోరాటకథ విడదీయరానివిగా సాగుతాయి. స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రచురించిన 'మనకు తెలియని మన చరిత్ర' ఈ విషయంలో మైలురాయి. తెలంగాణ సాయుధపోరాటంలో పాల్గొన్న స్త్రీల మౌఖికకథనాల సంపుటి ఇది. అందులో కమలమ్మ కథనం మరువరానిది. అడవిలో దళంతో తిరుగుతున్న రోజుల్లో బిడ్డను ఇతరులకు ఇచ్చివేయవలసి వచ్చిన తల్లి ఆమె. పోరాటచరిత్ర గ్రంథాల్లో దళాలు, గ్రామాలు, తేదీలు ఉన్నాయి. బిడ్డను ఇచ్చివేసిన తల్లి ఆ తరువాత దశాబ్దాలు ఎలా జీవించిందన్న ప్రశ్న ఆమెను అడిగినప్పుడే చరిత్రలోకి వచ్చింది. ఆమె స్వయంగా కలం పట్టి రాయలేదు. అడిగి, విని, రాసినవారుండడంవల్ల ఆ సాక్ష్యం మిగిలింది. రాయలేనివారి స్వీయకథకు కూడా మార్గం ఉన్నదని ఈ గ్రంథం నిరూపించింది.

4.5 వియోగం – నిలకడ:

కొండపల్లి కోటేశ్వరమ్మ (1918–2018) 'నిర్జన వారధి' 2012లో వెలువడింది. అప్పటికి ఆమె తొంభై ఏళ్ళు దాటినవారు. కృష్ణాజిల్లా పామర్రులో పుట్టి, బాల్యంలోనే వైధవ్యం పొంది, పునర్వివాహం చేసుకొని, కమ్యూనిస్టు ఉద్యమంలో పనిచేసి, భర్త కొండపల్లి సీతారామయ్య విడిచిపెట్టిన తరువాత, ముప్పై ఐదేళ్ళ ప్రాయంలో హైదరాబాదు వచ్చి ఆంధ్రమహిళాసభలో చదువుకున్నారు. పిల్లలకు దూరంగా ఉంటూ పరీక్షకు చదివారు. ఆ చదువుతోనే కాకినాడ మహిళా పాలిటెక్నిక్ వసతిగృహంలో ఉద్యోగం సంపాదించి స్వతంత్రంగా నిలబడ్డారు. విప్లవోద్యమంలో కొడుకునూ, ఆ తరువాత కూతురునూ పోగొట్టుకున్నారు.

ఈ జీవితంలో వసతిగృహం రెండుసార్లు వస్తుంది. ఒకసారి పిల్లలను విడిచివచ్చిన తల్లి తలదాచుకున్న చోటుగా, మరొకసారి ఇళ్ళు విడిచి వచ్చిన ఆడపిల్లలను కనిపెట్టుకొని ఉండే చోటుగా. హాస్టల్ అంటే ప్రేమరాహిత్యం అని తీర్మానించేవారు ఈ పుస్తకాన్ని చదవాలి. పిల్లలకోసమే పిల్లలకు దూరం కావలసిన పరిస్థితి ఆమెది. రచనలో దుఃఖం ఎక్కడా ప్రదర్శనగా మారలేదు. మరణాలను కూడా రోజువారీ పనుల మధ్యే చెప్పడంవల్ల పాఠకునికి ఆ బరువు మరింతగా తెలుస్తుంది.

5. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్: స్థలచరిత్రలో ఇల్లు

5.1 పేర్లు, ఆధారాలు:

దిల్‌సుఖ్‌ రామ్ ప్రసాద్ అనే భూస్వామి పేరుమీదుగా దిల్‌సుఖ్‌నగర్ అనే పేరు వచ్చిందని స్థానికులు చెబుతారు. పక్కనున్న సరూర్‌నగర్ పేరును నిజాం ప్రధానమంత్రి అరస్తూ జా భార్య పేరుతో ముడిపెడతారు. లాల్‌బహాదుర్‌శాస్త్రి పేరుతో లాల్‌బహాదుర్‌నగర్ ఏర్పడి, వాడుకలో ఎల్.బి.నగర్ అయింది. ఎల్.బి.నగర్, గడ్డిఅన్నారం పురపాలక సంఘాలు 2007లో గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థలో విలీనమయ్యాయి. అమీర్‌పేట–ఎల్.బి.నగర్ మెట్రో మార్గం 2018 సెప్టెంబరు 24న ప్రారంభమైంది. సాధారణంగా ఈ ప్రాంతచరిత్రగా చెప్పేది ఇంతే.

కుటుంబచరిత్ర దృష్టితో చూస్తే మరో రెండు ఆధారాలు ప్రధానమవుతాయి. మొదటిది మూసీ తీరాన చైతన్యపురి కొండపై ఉన్న ప్రాకృతశాసనం. బ్రాహ్మీలిపిలో ఉన్న ఈ శాసనాన్ని సుమారు 4–5 శతాబ్దాలనాటిదిగా, విష్ణుకుండినుల కాలానికి చెందినదిగా గుర్తిస్తారు. అది గోవిందరాజ విహారాన్ని పేర్కొంటుంది. ఈ నేలపై దొరికిన అతిప్రాచీన లిఖితసాక్ష్యం ఇల్లు విడిచిన భిక్షువుల ఆవాసానికి సంబంధించినది కావడం విశేషం. రెండవది సరూర్‌నగర్‌లోని విక్టోరియా మెమోరియల్ అనాథాశ్రమం. 1901లో మరణించిన విక్టోరియా రాణి స్మారకంగా, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పాలనలో, ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాల్లో ఇది ఏర్పడింది. తల్లిదండ్రులు లేని పిల్లలకు ఇది ఇల్లయింది. ఒక మెట్రో స్టేషనుకు ఈ సంస్థ పేరు ఉంది. నిత్యం ఆ స్టేషను పేరు వినేవారిలో అది ఎవరి ఇల్లో తెలిసినవారు ఎందరన్నది ఆలోచించవలసిన విషయం. నూరేళ్ళకు పైగా అక్కడ పెరిగిన పిల్లల మాటలు ఒక సంపుటిగా మన చేతికి అందలేదు.

5.2 వలస, చదువు, ఎడబాటు:

ఈ ప్రాంతంలో ఇల్లు విడిచి వచ్చినవారి ఎడబాటు ఒకే విధమైనది కాదు. పోటీపరీక్షకు చదివే యువకుడు ఊరిలోని తల్లిదండ్రులకు దూరమవుతాడు. పిల్లల చదువుకోసం తల్లి నగరంలో అద్దె ఇంట్లో ఉండి, తండ్రి ఊరిలో వ్యవసాయం చూసుకొనే కుటుంబంలో దంపతులు వేరవుతారు. పిల్లలు విదేశాలకు వెళ్ళిన తరువాత వనస్థలిపురం, కొత్తపేట ఇళ్ళల్లో మిగిలే వృద్ధులది మరొక ఎడబాటు. మొదటి తరం ఊరు విడిచి ఈ ప్రాంతానికి వస్తే, రెండవ తరం ఈ ప్రాంతాన్ని విడిచి వెళ్ళింది. ఊరిలోని తన తల్లి పట్ల తాను చేసిందే తన కొడుకు తన పట్ల చేశాడని ఒక తండ్రి గ్రహించే సందర్భం ఈ వీధుల్లో అరుదు కాదు.

బోధనానుభవంలో గమనించిన ఒక విషయాన్ని ఇక్కడ పేర్కొనడం అప్రస్తుతం కాదు. డిగ్రీ తరగతుల్లో అమ్మ గురించి వ్యాసం రాయమంటే విద్యార్థులు పాఠ్యపుస్తకాల్లోని మాతృమూర్తిని రాస్తారు. ఆమె త్యాగమూర్తి, భూదేవి వంటి సహనం కలది. అదే విద్యార్థిని ఊరినుండి ఇంటివాళ్ళు చివరిసారి పంపిన మూట గురించి రాయమంటే పచ్చడి సీసా మూతకు చుట్టిన గుడ్డ, బియ్యంలో దాచిన రెండు వందల రూపాయలు, ఫోనులో నాన్న మాట్లాడక అమ్మకు ఇచ్చిన విధానం వస్తాయి. మొదటి రాతలో ప్రేమ గురించిన భాష మాత్రమే ఉంది. చరిత్రకారునికి పనికివచ్చే ఆధారం రెండవ రాతలో ఉంది. పెంపకం డబ్బుగా మారిందన్న విమర్శకు సమాధానం ఆ రెండు వందల రూపాయల్లోనే ఉంది. అది డబ్బే. కాని దానిని బియ్యంలో దాచిన చేయి ఉంది.

5.3 బహిరంగ దుఃఖం, ఇంటి దుఃఖం:

2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో కొద్దిపాటి దూరంలో రెండు బాంబులు పేలాయి. జనసమ్మర్దం గల బస్‌స్టాపు, మిర్చిబజ్జీల దుకాణం పరిసరాలు దాడికి గురయ్యాయి. దర్యాప్తుసంస్థ లెక్క ప్రకారం మృతులు 18 మంది, గాయపడినవారు 131 మంది. ఆ 18లో ఇంకా లోకం చూడని గర్భస్థశిశువు ఒకరు. 2016 డిసెంబరులో ప్రత్యేక న్యాయస్థానం ఐదుగురికి మరణశిక్ష విధించింది. 2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు దానిని ధ్రువీకరించింది. అంతకుముందు 2002 నవంబరులో ఇక్కడి సాయిబాబా ఆలయం వద్ద కూడా పేలుడు జరిగింది.

ఈ వివరాలన్నీ న్యాయచరిత్రలో భద్రంగా ఉన్నాయి. సంఘటనకూ హైకోర్టు తీర్పుకూ మధ్య పన్నెండేళ్ళు గడిచాయి. ఆ పన్నెండేళ్ళు ఒక ఇంట్లో ఎలా గడిచాయన్నది తీర్పు ప్రతిలో ఉండదు. శిక్షణకు పంపిన కొడుకు తిరిగిరాని ఇంటిలో అతని పుస్తకాలను ఏమి చేశారు? గాయపడిన భర్తకు సేవచేస్తూ ఇల్లాలు పిల్లలకు ఏమని చెప్పింది? తీర్పు వెలువడిన రోజున టీవీ ముందు కూర్చున్నారా, కట్టేశారా? ఇవి భావోద్వేగపు ప్రశ్నలుగా కనిపించవచ్చు గాని, హింస సమాజంపై చూపిన ప్రభావాన్ని కొలవడానికి ఇంతకంటె సూటి ప్రశ్నలు లేవు.

ఎల్.బి.నగర్ కూడలికి మరొక దుఃఖం ఉంది. 2009 నవంబరు 29న తెలంగాణ రాష్ట్రసాధనకోసం అక్కడ ఆత్మాహుతికి పాల్పడిన కాసోజు శ్రీకాంతాచారి డిసెంబరు 3న మరణించాడు. ఉద్యమచరిత్ర అతనిని అమరునిగా నిలిపింది. అతని తల్లి శంకరమ్మ ప్రజాజీవితంలోకి వచ్చి 2014లో హుజూర్‌నగర్ నియోజకవర్గంనుండి శాసనసభకు పోటీచేశారు. అమరుని తల్లి అన్న స్థానం ఆమెకు సమాజమిచ్చిన గౌరవం. అదే సమయంలో అది ఆమె ఎల్లప్పుడూ ఒకే రీతిలో మాట్లాడాలన్న నిర్బంధం కూడా. కొడుకు చేసినదానికి గర్వించాలని సభ కోరుతుంది. కొడుకు ఉంటే బాగుండునని ఇల్లు కోరుతుంది. ఏ అమరుని తల్లికైనా వర్తించే ఈ రెండు స్వరాల్లో రెండవది వినిపించడానికి సభావేదిక సరిపోదు. యువకుల ప్రాణాలు ఉద్యమాలకు మూల్యం కాకూడదన్న మాట కూడా ఆ రెండవ స్వరంనుండే బలంగా రాగలదు.

6. ఆధారంగా స్వీయానుభవ వ్యాసం: పరిమితులు, నియమాలు

స్వీయానుభవ వ్యాసాన్ని చరిత్రకు ఆధారంగా స్వీకరించేటప్పుడు మూడు విషయాల్లో జాగ్రత్త అవసరం.

మొదటిది జ్ఞాపకం స్వభావం. రచయిత రాస్తున్నది సంఘటననాటి అనుభూతి కాదు, రచనాకాలంలో ఆ అనుభూతికి తాను ఇచ్చుకున్న అర్థం. కోటేశ్వరమ్మ తొంభై ఏళ్ళు దాటాక వెలువరించిన పుస్తకంలోని యౌవనం, యౌవనంలోనే రాసి ఉంటే వేరుగా ఉండేది. కాబట్టి తేదీలకు ఇతర ఆధారాలతో సరిచూసుకోవాలి. అర్థానికి మాత్రం ఆ రచనే ప్రమాణం.

రెండవది ఇతరుల గోప్యత. కుటుంబం గురించి రాసే ప్రతి వ్యాసంలో రాయని వ్యక్తులుంటారు. భార్య, బిడ్డ, అత్తగారు, తోడికోడలు తమ అనుమతి లేకుండానే పాత్రలవుతారు. ముఖ్యంగా పిల్లల గురించి తల్లిదండ్రులు రాసేటప్పుడు, ఆ పిల్లలు పెద్దయ్యాక దానిని చదువుతారన్న ఎరుక ఉండాలి. విద్యార్థుల రాతలను సేకరించే విభాగాలు పేర్లు తొలగించడం, లిఖితపూర్వక అంగీకారం తీసుకోవడం, అడిగినప్పుడు రాతను తిరిగి ఇవ్వడం నియమంగా పెట్టుకోవాలి.

మూడవది మూసదుఃఖం. వియోగాన్ని రాసేటప్పుడు సిద్ధంగా ఉన్న మాటలు ముందుగా వస్తాయి. సంతాపసభల భాష, చలనచిత్ర భాష, భక్తిభాష మన దుఃఖాన్ని ఆక్రమిస్తాయి. విశ్వనాథ సత్యనారాయణ భార్యావియోగంతో రచించిన 'వరలక్ష్మీ త్రిశతి' వంటి స్మృతికావ్యంలో ఛందస్సు ఆ దుఃఖానికి క్రమశిక్షణ ఇచ్చింది. వచనవ్యాసానికి ఆ ఆధారం లేదు. అక్కడ నిజాయితీని కాపాడేది వివరం ఒక్కటే. ఏ రోజు, ఏ గది, ఎవరు ఏమన్నారు అన్నంతవరకు దిగినప్పుడే అది సాక్ష్యమవుతుంది.

చివరగా ఒక ఆచరణాత్మక విషయం. పూర్వం ఎడబాటు ఉత్తరాలను మిగిల్చింది. నేటి ఎడబాటు ఫోను సంభాషణలను, సందేశాలను మిగులుస్తున్నది. ఫోను మారినప్పుడు అవి పోతాయి. ఒక తరం తల్లిదండ్రులకూ పిల్లలకూ మధ్య నడిచిన సంభాషణ మొత్తం ఈ విధంగా మాయమవుతోంది. ఈ ప్రాంతంలోని కళాశాలల తెలుగు విభాగాలు విద్యార్థుల ప్రాజెక్టుల్లో భాగంగా స్వీయానుభవ వ్యాసాలను, వృద్ధుల మౌఖికకథనాలను సేకరిస్తే అది కేవలం రచనాభ్యాసం కాదు, స్థానికచరిత్ర నిర్మాణం. 1986లో స్త్రీశక్తి సంఘటన చూపిన అడిగి, విని, రాసే పద్ధతి అందుకు సిద్ధంగా ఉంది.

7. ముగింపు:

1. తెలుగు వ్యాసం కుటుంబాన్ని ఉపదేశవిషయంగా స్వీకరించి, క్రమంగా అనుభవవిషయంగా మార్చుకుంది. ఈ మార్పుకు ఆత్మకథాప్రక్రియ, వ్యావహారికభాష, స్త్రీల రచన ప్రధాన కారణాలు.

2. రాత లేకపోవడం అనుభూతి లేకపోవడానికి రుజువు కాదు. భండారు అచ్చమాంబ జీవితం, కమలమ్మ మౌఖికకథనం దీనిని స్పష్టం చేస్తాయి.

3. దూరం ప్రేమను తగ్గిస్తుందన్న సాధారణీకరణను కోటేశ్వరమ్మ ఆత్మకథ ప్రశ్నిస్తుంది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాల వసతిగృహజీవితాన్ని గురించిన తీర్పులను స్వీయరచనల ఆధారంగా పునఃపరిశీలించాలి.

4. బాంబుపేలుళ్ళు, ఉద్యమమరణాలు వంటి బహిరంగ విషాదాల చరిత్ర బాధిత కుటుంబాల సొంత మాటలు చేరినప్పుడే పూర్తవుతుంది. ఆ మాటలను వారి ఇష్టానికి, గోప్యతకు భంగం కలగకుండా సేకరించాలి.

సంఘటన జరిగిననాటికి చిన్నపిల్లలుగా ఉన్నవారు ఇప్పుడు మన తరగతిగదుల్లో కూర్చుంటున్నారు. వారి తల్లిదండ్రులు ఇంకా ఉన్నారు, జ్ఞాపకం ఇంకా మాటగా ఉంది. ఈ పనిని వాయిదా వేయడానికి పరిశోధకులకు ఎక్కువ కాలం లేదు.